దూడ గడి

సాఫ్ట్‌వేరు బెంగుళూరులోనే పుడుతుందని నమ్మేవాళ్లు అప్పట్లో, అంటే 2008లో, తిరుపతిలో చాలామందే ఉండేవారు. వాళ్లెవరికీ ధరణి సంగతి తెలియదు. వడమాలపేట నుంచి రోజూ బస్సులో నిలబడి వచ్చి, చక్రధర్ నడిపే చిన్న కంపెనీలో వెబ్ పేజీలు తయారుచేసేది. పనిలో పడితే పక్కన కాఫీ చల్లారిపోయినా పట్టేది కాదు. మహా మొండిది. ఆ మొండితనానికి దండం పెట్టాల్సిందే.

ఆ ఏడు పలమనేరు వైపు ఒక డెయిరీ వాళ్లు పాడి రైతుల కోసం పేజీ చేయమన్నారు. అందులో పేరు ఎక్కితేనే ఆవుకు దాణా ఇస్తారు. రైతు వివరాల లోపల ఆవు, ఆవు వివరాల లోపల దూడ, డబ్బాలో డబ్బా పెట్టినట్టు. తెర మీది ప్రతి గడినీ లోపలి డబ్బాలో దాని చోటుతో ముడివేయాలి. గడిలో కొట్టింది సరిగ్గా ఆ చోటికే చేరాలి. ధరణి ముడులన్నీ చక్కగా వేసింది. అయితే దూడ డబ్బానే లేకపోతే దూడ పేరు నింపే గడిని దేనికి ముడివేయాలో తెలియక పేజీ ఆగిపోయేది.

"అందరికీ ఒక దూడను పెట్టేయ్ మా. పేరు నింపితేనే ముందుకు పోయేట్టు చెయ్. గొడవ ఒదిలిపోతాది" అన్నాడు చక్రధర్. పాలిచ్చే ఆవుకు దూడ ఉండదా ఏమిటని ధరణి కూడా సరేనంది.

పేజీని మొదటిసారి వాడే రోజు ధరణి పలమనేరు దగ్గర ఒక ఊళ్లోని పాల కేంద్రానికి వెళ్లింది. మధ్యాహ్నం డెయిరీ మేనేజరు వచ్చి చూస్తాడు. ఆయనకు నచ్చితేనే పని వీళ్లది. కంప్యూటరు ముందు కూర్చున్న కేంద్రం గుమాస్తా రవిచంద్ర రైతులను ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. నాగులమ్మ అనే ఆమె వంతు వచ్చింది.

"దూడ పేరేందక్కా?"

"దూడ లేదబ్బా."

"ఏదో ఒకటి చెప్పక్కా. అది నింపకుంటే పేజీ కదల్దు."

"మొన్ననే గదప్పా, పుట్టింది పుట్టినట్టే పోయింది. పేరు గూడా పెట్టలా" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకవాళ్లు మాత్రం ఏదో ఒక పేరు చెప్పి జరగమని విసుక్కున్నారు.

ధరణికి సిగ్గనిపించింది. ఆ ప్రశ్న రవిచంద్రది కాదు, తనది. అతన్ని ఆగమని చెప్పి చక్రధర్‌కు ఫోన్ చేసింది.

"మేనేజరు వచ్చే టైములో పేజీని ముట్టుకుంటావా? అది పడిపోయిందంటే మన పని గోవిందా!" అని అరిచాడాయన.

"పోతే పోనీ సార్. లేని దూడ ఉండాదని ఆమెతో నేను చెప్పించను" అని ఫోన్ పెట్టేసింది.

బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి మొదట దూడ గడిని దాచేసింది. పేజీ మొత్తం ఖాళీ అయిపోయి తెల్లగా మిగిలింది. వరుసలో గొణుగుడు మొదలైంది. ధరణి తను రాసిందంతా మళ్లీ పైనుంచి చూసింది. గడిని దాచింది గానీ ముడి విప్పలేదని అప్పుడు తట్టింది. ముడి విప్పేసి, ముందు 'దూడ ఉందా?' అని అడిగేలా మార్చింది. ఉందంటేనే లోపలి డబ్బా పుట్టాలి, గడి కనపడాలి, ముడి పడాలి. మేనేజరు జీపు వచ్చి ఆగేసరికి నాగులమ్మ పేరూ ఆమె ఆవూ పేజీలో చేరిపోయాయి.

"దూడ గడి యాడమ్మా?" అన్నాడాయన.

"దూడ ఉన్నోళ్లకే కనిపిస్తాది సార్."

ఆయన తలూపాడు. పని వీళ్లకే వచ్చింది. ఆ తర్వాత కంపెనీలో కొత్తగా చేరినవాళ్లందరికీ చక్రధర్ ఆ పేజీనే తెరిచి చూపించేవాడు, అదేదో తనకే తట్టినట్టు.

మరుసటి ఏడు ఏదో మార్పు కోసం ధరణి మళ్లీ ఆ కేంద్రానికి వెళ్లింది. నాగులమ్మ వరుసనంతా తోసుకుని నేరుగా ధరణి కూర్చున్న కంప్యూటరు దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖం వెలిగిపోతోంది.

"పాపా, ఇప్పుడడుగు."

ధరణి 'ఉంది' మీద నొక్కింది. గడి తెరుచుకుంది.

"దూడ పేరేందక్కా?"