చూద్దాం మంత్రి

2023 ఆగస్టు. గుంటూరులో నేను స్పీచ్ థెరపిస్టుగా పని మొదలుపెట్టి అప్పటికే చాలా ఏళ్ళయింది. మా పనేమిటో ఇప్పటికీ జనానికి సరిగ్గా తెలియదు. "నత్తి పోగొట్టే అమ్మ" అంటారు. నోటి డాక్టరని ఎవరో చెబితే వచ్చి, కుర్చీలో కూర్చుని, నోరు తెరిచి పుచ్చిపన్ను చూపించిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. నిజానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళు.

దాన్ని అఫేసియా అంటాం. బుద్ధి ఎక్కడికీ పోదు. ఎదుటివాళ్ళు చెప్పేది తెలుస్తుంది, తను చెప్పాలనుకున్నదీ లోపల సిద్ధంగానే ఉంటుంది. నోటిదాకా మాత్రం రాదు. కోల్డ్ స్టోరేజీ నిండా సరుకు పెట్టుకుని తాళంచెవి పారేసుకున్నట్టు.

ఆ నెలలో ఒకాయన ఫోన్ చేశాడు. పేరు శేషగిరి. "మా అన్నయ్యకి మాట పోయిందమ్మా. మీరు ఇంటికే రావాలి. సంగతి మాత్రం మూడో కంటికి తెలియకూడదు," అన్నాడు. అన్నయ్య ఎవరో చెప్పగానే నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఆయన ఒకప్పుడు నీటిపారుదల మంత్రి. ఇక్కడ ఆయన్ని మల్లేశ్వరరావుగారు అంటాను. అసలు పేరు అది కాదు. చివర ఉన్న 'రావు' మాత్రం మార్చలేదు, ఎందుకో మీకే తెలుస్తుంది.

మా ప్రాంతంలో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. పర్చూరు అవతల పొగాకు, మిరప పండించే ఇంట్లో పుట్టారు. కుర్రతనంలో, కాలువ చివరి ఊళ్ళకి నీళ్ళు రావడం లేదని రైతుల్ని వెంటేసుకెళ్ళి ఇంజనీర్ల ఆఫీసు ముందు బైఠాయించారు. ఆ ఊపుతోనే సర్పంచి అయ్యారు, తర్వాత ఎమ్మెల్యే, ఆ తర్వాత మంత్రి. ఏ కాలువ కోసం కూర్చున్నారో ఆ కాలువే ఆయన చేతికొచ్చింది. కొంత బాగుచేయించారు కూడా. కానీ పైన డ్యామ్ నిండని ఏడు చివరి పొలాలకి ఏ మంత్రి మాత్రం నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

అడిగినవాళ్ళకి మాత్రం ఒకటే జవాబు, "చూద్దాం". రోడ్డు కావాలన్నా చూద్దాం, బదిలీ కావాలన్నా చూద్దాం. మా మేనమామ పైరు నీళ్ళ కోసం ఆయనకి పదవి ఉన్నన్నాళ్ళూ తిరిగి, ప్రతిసారీ ఆ ఒక్క ముక్కే మూటగట్టుకుని వచ్చేవాడు. మా అమ్మ పుట్టింట్లో ఆయన పేరే "చూద్దాం మంత్రి". కాబట్టి ఆ ఇంటికి నేనేమీ భక్తితో వెళ్ళలేదు.

నేను వెళ్ళేసరికి ఆయన వాలు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది.

"సార్, మీ పేరు చెప్తారా?"

"చూద్దాం."

"మంచినీళ్ళు తాగుతారా?"

"చూద్దాం."

ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నారు. మరుక్షణమే కళ్ళు తుడుచుకున్నారు. "అన్నీ పోయి ఇదొక్కటీ మిగిలిందమ్మా. జన్మంతా అదేగా అన్నారు," అన్నారు.

ఇలా జరగడం మాకు కొత్త కాదు. అఫేసియాలో కొందరికి ఒకే మాట నోట్లో ఇరుక్కుపోతుంది. ఏం చెప్పబోయినా అదే వస్తుంది. ఒకావిడకి "అయ్యో" మిగలడం చూశాను, ఒకాయనకి బూతు మిగిలింది. మంత్రిగారికి "చూద్దాం" మిగిలింది.

అసలు చిక్కు రెండోవారం తెలిసింది. నేనున్నప్పుడే కాలువ చివరి ఊరి నుంచి రైతులొచ్చారు. ముందు నిలబడినాయన గోవిందయ్య. మంత్రిగారి కుర్రతనం నుంచీ ఆయన వెంట నడిచిన మనిషి.

"బాగున్నారా సార్?"

"చూద్దాం."

అందరూ గొల్లున నవ్వారు. "ఏం మారలా సార్ మీరు!" అన్నాడు గోవిందయ్య. తర్వాత సంగతిలోకి దిగాడు. "మిరప నారు సిద్ధంగా ఉందండి. పైవారం నాటాలి. ఈ ఏడు కాలవకి నీళ్ళొస్తాయా? మీరు ఊఁ అంటే వేసుకుంటాం."

మంత్రిగారు కుర్చీలో ముందుకి వంగారు. మొహం ఎర్రబడింది. ఎడమ చెయ్యి గాల్లో ఊపుతూ "చూద్దాం! చూద్దాం! చూద్దాం!" అని అరిచినంత పని చేశారు.

"చూద్దాం అంటున్నాడుగా అన్నయ్య. వేసుకోండయ్యా, ధైర్యంగా వేసుకోండి," అన్నాడు శేషగిరి. ఆయనది చెడ్డ బుద్ధి కాదు. మరుసటేడు ఎలక్షన్లు, తన కొడుక్కి టికెట్ వస్తుందని ఆశ. అన్నకి మాట పోయిందని బయటపడకూడదు, అంతే. రైతులు దణ్ణాలు పెట్టి తృప్తిగా వెళ్ళిపోయారు.

వాళ్ళు గేటు దాటగానే మంత్రిగారు ఎడమ చేత్తో కుర్చీ పట్టె మీద బాదుతూ ఏడ్చారు. మందులు పెట్టిన స్టాండు కిందపడింది.

"ఈ ఏడు నీళ్ళు రావమ్మా," అన్నారు అన్నపూర్ణమ్మగారు నెమ్మదిగా. "రోజూ పొద్దున పేపర్లో డ్యామ్ నీటిమట్టం నాచేత చదివించుకుంటారు. విన్నప్పుడల్లా ఉస్సురంటున్నారు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పలా."

"మరి ఇన్నేళ్ళూ రావని ఎందుకు చెప్పలేదండీ వాళ్ళకి?" నా మేనమామ గుర్తొచ్చి కొంచెం కటువుగానే అడిగాను.

"లేదని చెప్పడం చేతకాదమ్మా ఈయనకి. గడప తొక్కిన మనిషిని ఉత్త మొహంతో పంపలేరు. చూద్దాం అనేసి, రాత్రంతా నిద్ర లేకుండా దొర్లేవారు."

నేను మంత్రిగారి వైపు చూశాను. ఆయన తల దించుకున్నారు. నా మనసులో మా అమ్మ పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు ఆ పూటతో సగం కరిగిపోయింది.

మా అమ్మానాన్నలదీ మిరప కమతమే. పూత మీద నీళ్ళు అందక ఎండిపోయే తోట ఎలా ఉంటుందో నేను చూశాను. ఇంకెవరు చెప్పినా ఆ రైతులు నమ్మరు. ఆయన చేతే లేదన్న ఒక్క మాట ఎలాగైనా పలికించాలనుకున్నాను. కాదు, లేదు, వద్దు, ఒక్కొక్కటే ప్రయత్నించాను. ఒక్కటీ పలకలేదు. ప్రతిదానికీ చూద్దామే అడ్డం పడేది.

అప్పుడు ఆటోమేటిక్ స్పీచ్ పట్టుకున్నాను. అంటే ఆలోచించకుండా అలవాటుగా దొర్లే మాటలు. వారాల పేర్లు, అంకెలు, సొంత పేరు. సగం మేమంటాం, మిగతా సగం పేషెంటు పూర్తిచేయాలి. అంకెలు కుదరలేదు, వారాలు కుదరలేదు. పేరు దగ్గరికి వచ్చాం.

"మల్లేశ్వర..." అని ఆగాను.

ఆయన పెదవులు కదిలాయి. "...రావు."

అన్నపూర్ణమ్మగారు చేతిలో గ్లాసు వదిలేశారు. మళ్ళీ అన్నాను, మళ్ళీ వచ్చింది. మూడోసారి అంటుంటే నా బుర్రలో దీపం వెలిగింది.

"నీళ్ళు..." అని ఆగాను.

ఆయన నావైపు కళ్ళార్పకుండా చూశారు. "రావు," అన్నారు.

మన తెలుగు మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

ఇక ఆ వారమంతా అదే సాధన. గోవిందయ్యకి ఫోన్ చేసింది మాత్రం అన్నపూర్ణమ్మగారు. మరిదికి చెప్పకుండా చేశారు.

రైతులొచ్చేసరికి శేషగిరి కూడా ఇంట్లోనే ఉన్నాడు. "రేపు నారు పీకిస్తున్నాం సార్. అమ్మగారు రమ్మన్నారని వచ్చాం," అన్నాడు గోవిందయ్య. "నీళ్ళొస్తాయా?"

"చూ..." అని ఆగిపోయారు మంత్రిగారు. పాత మాట పెదవి మీద ఉంది. నేను అందిస్తే పలుకుతారు, కానీ అప్పుడది నా మాట అవుతుంది. నోరు మూసుకుని ఉండటమే మా వృత్తిలో అన్నిటికన్నా కష్టం.

"రావు," అన్నారు.

"పేరు చెప్తున్నాడు! అన్నయ్య తన పేరు చెప్తున్నాడు!" శేషగిరి సంతోషం పట్టలేకపోయాడు. రైతులు కూడా చేతులు జోడించారు.

మంత్రిగారు తల విదిలించి, ఎడమ చేత్తో గోవిందయ్య మణికట్టు పట్టుకున్నారు. "నీ...ళ్ళు. రావు. నీళ్ళు రావు."

ఆయనకి జబ్బు చేసిందన్న సంగతీ, ఆయన చెప్పిన సంగతీ రైతులకి ఒకేసారి అర్థమయ్యాయి. గోవిందయ్య కుర్చీ పక్కనే కింద కూలబడ్డాడు.

"తోట వెయ్యొద్దంటారా?"

ఆయన అవునన్నట్టు కళ్ళు మూసి తెరిచారు.

"ఇన్నేళ్ళలో మీరు మాకు రావని ఎప్పుడూ చెప్పలా సార్. ముందే ఈ ముక్క..." అంటూ గోవిందయ్య ఆగిపోయాడు. మంత్రిగారి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. గోవిందయ్య తన భుజం మీది కండువా తీసి ఆయన మొహం తుడిచాడు. "పోనీలెండి. ఈ ఏడన్నా చెప్పారు."

మర్నాటికల్లా సంగతి ఊరూవాడా గుప్పుమంది. శేషగిరి నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. నా కోసం కారు మాత్రం వేళకి పంపుతూనే ఉన్నాడు. నారు మీద పెట్టిన డబ్బు పోయిందని రైతులు సణుక్కున్నారు గానీ ఎక్కువమంది అంతగా నీళ్ళు అక్కర్లేని శనగకి మళ్ళారు. మొండికేసి మిరప నాటినవాళ్ళు పూత మీద ట్యాంకర్లతో తడిపి, చివరికి చేతులెత్తేశారు. కాలువ వాళ్ళ ఊరిదాకా రాలేదు.

అంతకుముందు ఏ పేషెంటుకైనా సులువుగా పలికే మాటతో మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ముందు ఇంట్లోవాళ్ళని అడుగుతాను, "ఈయన ఎవరికి ఏం చెప్పలేక నలిగిపోతున్నారు?" అని. పాఠం ఆ మాట నుంచే మొదలవుతుంది. ఎంత కష్టమైన మాటైనా సరే.

శనగ చేతికొచ్చాక ఒకరోజు నేను పాఠం చెబుతుంటే గేటు దగ్గర కేక వినబడింది. "రావుగారున్నారా?"

"ఏ రావుగారు?" అన్నారు అన్నపూర్ణమ్మగారు వాకిట్లోంచి.

"ఇంకే రావుగారమ్మా, మన రావుగారు! మా ఊళ్ళో ఇప్పుడు అందరూ అట్టాగే అంటున్నారు." గోవిందయ్య. చేతిలో శనగల సంచీ.

మంత్రిగారికి వినబడింది. ఒళ్ళంతా కదిలేలా నవ్వారు.

"పాఠం మధ్యలో ఉన్నాం సార్. కాసేపు ఆగమని చెప్పనా?" అన్నాను.

ఆయన వాకిలి వైపు చూశారు. పెదవులు ఒకటి రెండుసార్లు తడుముకున్నాయి. చూద్దాం అంటారేమో అనుకున్నాను.

"రానీ," అన్నారు.

ఆ మాట నేను నేర్పింది కాదు.