శనిని చూసొచ్చిన అమావాస్య

మొన్న పంటినొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళి, బుగ్గ పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "మీరు టెలిస్కోపు మేడమ్ గారి తాలూకా కదండీ?" అంది. అవునన్నాను. అనక చస్తానా? మా తాత, మా నాన్న, నేను, మూడు తరాలుగా అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేస్తున్నాం. మార్కెట్లో మా కొట్టు పేరు చెబితే ఆటోవాడు దారి అడక్కుండా తీసుకొచ్చి దింపుతాడు. అలాంటి నేను ఈ వయసులో మా ఆవిడ తాలూకా అయ్యాను. ఆ బెంచీ మీదావిడ అక్కడితో ఆగిందా? "ఎంత బాగా సెప్తారండీ మేడమ్ గారు!" అని ఇంకో ముక్క తగిలించింది. పన్ను సంగతి దేవుడెరుగు, నాకు కడుపులో మంట మొదలైంది.

ఈ మంట కొత్తది కాదు. మా ఆవిడ పాయకరావుపేట పిల్ల. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నేను కొట్టు కట్టేసి, స్నానం చేసి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆవిడ చిక్కుళ్ళో గోరుచిక్కుళ్ళో ముందేసుకుని గుమ్మంలో కూర్చునేది. ఆ వేళ దిమ్మలు ఏ రంగులో దిగాయి, ఏ రైతు పాకం ముదరబెట్టేశాడు, పక్క కొట్టువాడు ఎవరి దగ్గర ఎలా నక్కవినయాలు పోయాడు, అంతా చెప్పేవాణ్ణి. ఆవిడ ఊఁ కొట్టేది. ఆ ఊఁ లేకపోతే నాకు అన్నం సహించేది కాదు. అలాంటిది, రెండేళ్ళ కిందట ఆవిడ యోగా క్లాసు ఆడవాళ్ళతో కలిసి రోలుగుంట అవతల కొండల్లో నక్షత్రాలు చూపించే చోటికి వెళ్ళొచ్చింది. అంతే, నా సాయంకాలాలు గోవిందా. నేను వరండాలో, ఆవిడ డాబా మీద. కింద నుంచి బెల్లం ధర చెబితే పై నుంచి ఊఁ కూడా వినిపించేది కాదు.

ఆ ఊళ్ళ వాళ్ళే పదిమందీ పూనుకుని నడుపుతున్న చోటది. బడి పంతుళ్ళు, ఒక మందుల షాపాయన, ఒక ఎలక్ట్రీషియను, వాళ్ళకి తోడు ఇప్పుడు మా ఆవిడ. జీతాల్లేవు, పెట్రోలు కూడా ఎవరిది వాళ్ళదే. అందరికీ పెద్ద ఒక రిటైరైన మాస్టారు. ఆదివారం చర్చికి, అమావాస్యకి కొండకి తప్పకుండా వెళ్తారట. ఇక మా ఇంట్లో అన్నం దగ్గర మాస్టారు, కాఫీ దగ్గర మాస్టారు. "మాస్టారు అలా సెప్పేరండీ, మాస్టారికి ఇది తెలుసండీ." నేను చెప్పినవి ఈవిడ ఏనాడైనా ఇంకో మనిషి దగ్గర ఇలా చెప్పుకుందా? నిజం చెప్పొద్దూ, ముఖం కూడా చూడని ఆ మాస్టారి మీద నాకు ఒళ్ళంతా కుళ్ళు పట్టుకుంది. సంగతేమిటో నా కళ్ళతో నేనే చూడాలనుకున్నాను. ఆవిడకి చెప్పకుండానే.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, వాళ్ళు జనానికి ఆకాశం చూపించేది అమావాస్యకి, ఈసారి చూపించేదేమో శనిని. మా వంశంలో అమావాస్యనాడు వీధి చివర దాకా వెళ్ళాలన్నా ఆలోచిస్తారు. ఆ వేళ మా కొట్టే తెరవం. మా ఆవిడకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఊరుకున్న మా పిన్ని, నేను కూడా బయల్దేరతానని తన చెవిలో వేసేసరికి లబలబలాడింది. "అమావాస్యపూట పయాణవేఁటిరా నాయినా? అదీ శనిని సూడ్డానికా? లోకమంతా నూని పోసి, నువ్వులిచ్చి, మా వేపు సూడకు సామీ అని దణ్ణాలెడతంటే, నువ్వు లైన్లో నిలబడి మరీ ఆయన్ని సూసొత్తావా?" ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. చివరికి ఆవిడే విరుగుడు చెప్పింది. మంచి ఘడియలో మన సంచీ వేరేవాళ్ళ ఇంట్లో పెట్టేస్తే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క, దాన్ని పరస్థానం అంటారు. ముందురోజు పొద్దున్నే నా తువ్వాలు, మంకీ టోపీ, మఫ్లరు సంచీలో కుక్కి ఎదురింట్లో పెట్టొచ్చాను. కాశీ ప్రయాణానికైనా ఇంత హంగామా చెయ్యలేదు.

అది పోయిన కార్తీకం వెళ్ళే అమావాస్య. మా ఆవిడ మధ్యాహ్నమే వాళ్ళతో కారులో వెళ్ళిపోయింది. నేను పొద్దువాలాక, మా చెల్లెల్ని చేసుకున్న రోలుగుంట బావ బండి వెనకాల ఎక్కాను. బావకి ధాన్యం వ్యాపారం, నోటికి అడ్డూ ఆపూ లేదు. దారంతా, "ఏటి బావా, అప్పని కాపలా కాయడానికి వత్తన్నావా?" అని ఒకటే గోల. మా ఆవిణ్ణి అప్పా అనే పిలుస్తాడు. కొండ మలుపు తిరిగేసరికి ఊళ్ళ దీపాలన్నీ వెనక ఉండిపోయాయి. చలి, తడి గడ్డి వాసన, పైన నేనెన్నడూ తలెత్తి చూడని ఆకాశం. చూస్తే అది కిక్కిరిసి ఉంది. ఇంతమందితో పోటీ పడాలా అనిపించింది.

గేటు దగ్గర ఎర్ర గాజుకాగితం చుట్టిన టార్చితో ఒక బక్కపలచటి ముసలాయన కూర్చున్నారు. చెవికి మిషను. తెల్ల వెలుతురు పడితే చీకటికి అలవాటుపడ్డ కళ్ళు మళ్ళీ మొదటికొస్తాయట, అందుకని ఫోన్లన్నీ లోపల పెట్టిస్తున్నారు. "టీ తాగి ఎల్లండి బాబూ, సలిగా ఉంది" అని ఫ్లాస్కులోంచి పోసిచ్చారు. ఎవరో ఆయన్ని మాస్టారూ అని పిలిచారు. హవ్వ! ఇన్నాళ్ళూ నేను ఏడ్చింది ఈయన మీదా? సిగ్గేసింది, కాస్త ప్రాణం కుదుటపడింది కూడా. ఆ నెమ్మది ఎంతోసేపు నిలవలేదు.

లోపల రేకుల షెడ్డు, పైకప్పు పట్టాల మీద పక్కకి జరిపేసి ఉంది. నల్లటి చీకట్లో మనుషుల వరస. ముందు నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "కంగారు పడకండి తాతా, ఆయనెక్కడికీ పారిపోడు. తిరుగుతున్నది మనవేఁ." జనం నవ్వారు. ఆవిడా నవ్వింది. ఇంట్లో ఆ గొంతు "ఉప్పు సరిపోయిందా" అనీ, "పాలవాడొచ్చాడు" అనీ అంటుందంతే. ఇలా ఎగిరెగిరి పడుతూ, మధ్యలో ఆగి ఊరిస్తూ, నవ్వులు పంచుతూ ఉండే గొంతు నేనెరగను. చుట్టాలకోసం దాచిన మంచి కంచాల్లాగ ఇన్నేళ్ళూ ఎక్కడ దాచిందో, ఈ దారినపోయేవాళ్ళందరికీ తీసి వడ్డించేస్తోంది. నిజమైన అసూయంటే అప్పుడు తెలిసింది నాకు. మాస్టారి మీద కాదు, ఆ వరసలో ఉన్న ప్రతివాడి మీదా.

నా వంతు వచ్చింది. "ఇదిగో, నేనే" అందామని నోరు తెరిచాను. ఇంతలో ఆవిడ, మంకీ టోపీ, మఫ్లరులో మునిగి ఉన్న నన్ను పోల్చుకోలేక, నా మోచెయ్యి పట్టుకుని, "రండన్నయ్యా, మెట్టుంది, సూసుకోండి" అంది.

ఆ చీకట్లో వచ్చినవాళ్ళందర్నీ వయసు పోల్చుకుని అన్నయ్యా, తాతా, చెల్లెమ్మా అనడం వాళ్ళ అలవాటు. కానీ కట్టుకున్న పెళ్ళాం చేత అన్నయ్యా అనిపించుకున్న మగాడు మా జిల్లాలో ఇంకెవడైనా ఉన్నాడా? తెరిచిన నోరు మూసేశాను. వెనక బావ తువ్వాలు నోట్లో కుక్కుకుని, "రాఖీ కూడా కట్టించుకుని వచ్చెయ్ బావా" అని గొణిగాడు.

టెలిస్కోపుకి కన్ను ఆనిస్తే నా కనురెప్ప వెంట్రుకలు తప్ప ఏమీ కనబడలేదు. "తొందర్లేదన్నయ్యా, కన్ను కొంచెం ఎడంగా పెట్టండి. ఊపిరి మెల్లగా" అంది. తొందర్లేదట! ఇంట్లో స్నానానికి రెండు నిమిషాలు ఆలస్యమైతే తలుపు బాదే మనిషి. మెల్లగా కుదిరింది. పసుపుపచ్చటి చిన్న పూస, దానికి అడ్డంగా దబ్బనం గుచ్చినట్టు సన్నటి గీత. "ఈ యేడు ఆయన వలయం మన వేపు అంచు తిప్పిందన్నయ్యా. అందుకే గీతలా ఉంది. ఎక్కడికీ పోలేదు, కొన్నేళ్ళాగితే మళ్ళీ విచ్చుకున్నట్టు కనబడతాది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "పెళ్ళికి ముందు మా డాబా మీద పడుకుని సుక్కలు చూసీదాన్ని. తర్వాత పైకి చూడ్డానికి ఎప్పుడూ తీరలేదు" అంది. ఈ సంగతి నాకు ఏనాడూ చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని అన్నయ్యకి చెప్పేసింది.

నేను దిగి, తిన్నగా వెళ్ళి మళ్ళీ వరస చివర నిలబడ్డాను. బావ ఎంత లాగినా రాలేదు. రెండోసారి, "మళ్ళీ వచ్చేరా అన్నయ్యా!" అని ఆవిడ సంబరపడిపోయి, శని చుట్టూ తిరిగే చందమామల సంగతి చెప్పింది. నేను గొంతులోనే ఊఁ కొట్టాను.

ఆవిడకంటే ముందే ఇల్లు చేరి ముసుగుతన్నాను. మర్నాడు కాఫీ ఇస్తూ ఆవిడే మొదలుపెట్టింది. "నిన్న ఒకాయన వచ్చేరండీ. రెండుసార్లు నిలబడ్డారు. మాటకి అడ్డం రాకుండా ఎంత శ్రద్ధగా ఊఁ కొట్టేరో! అలాటోళ్ళు ఒక్కరొచ్చినా చాలు, అంత దూరం వెళ్ళినందుకు."

అది నేనేనే అని నోటి చివరిదాకా వచ్చింది. కానీ చెబితే ఆ అన్నయ్య మాయమైపోతాడు, మిగిలేది నేను. ఆవిడ మొహంలో ఆ వెలుగు ఉంటుందో ఉండదో. అందుకని, "ఎవడో పనీపాటా లేనివాడయ్యుంటాడు" అన్నాను.

"ఛ, ఊరుకోండి! పెద్దమనిషి, అలా అనకండి" అని ఆవిడ నన్ను కసిరింది.

ఆ పెద్దమనిషి మీద నా కుళ్ళు నేటికీ చల్లారలేదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు నేను పక్కనే ఉన్నాను, ఆయన ఒక్క సాయంత్రం వచ్చి వెళ్ళాడు. మా ఆవిడ తలుచుకునేది మాత్రం ఆ సాయంత్రాన్నే.