ఉమ్రావ్ బేగం వద్దన్న సూది

సుల్తానాబాద్‌లో గాజుల దుకాణం నడిపే ఉమ్రావ్ బేగం నోటికి జడవని మనిషి లేడు. రొమ్ములో క్యాన్సర్ గడ్డ ఉందని తేలిన రోజు కూడా, "యాభై ఎనిమిదేండ్లు ఊకున్నది. గిప్పుడు నేను జర సుఖపడ్తున్ననని దీనికెవరు చెప్పిండ్రో" అంది.

కరీంనగర్ ఆస్పత్రిలో ఆపరేషన్ బాగానే జరిగింది. చిక్కంతా మర్నాడు పొద్దున మొదలైంది. ఆపరేషన్ అప్పుడు నొప్పికిచ్చే మందులతో క్యాన్సర్ తిరిగొస్తుందని భర్త మక్బూల్ ఫోన్లో ఎక్కడో చదివాడు. నర్సు నొప్పి తగ్గే సూదితో రాగానే మంచానికి అడ్డం నిలబడ్డాడు. ఉమ్రావ్ కూడా భయపడి వద్దంది. నొప్పికి దుపట్టా కొరుకుతూ, ఊపిరి పీల్చినప్పుడల్లా మక్బూల్ ఖాందాన్‌ను ఏడు తరాల దాకా తిట్టింది. పక్క మంచాలవాళ్లు తమ నొప్పులు మరిచిపోయి విన్నారు.

మత్తు డాక్టరు ప్రవళిక వచ్చింది. "ఎవరు చెప్పిన్రమ్మా మీకు?"

"మా ఆయన ఫోను. ఆయనకన్న దానికి తెలివి ఎక్కువుంటదని నమ్మిన బిడ్డా."

డాక్టరు నవ్వాపుకుని కుర్చీ లాక్కుంది. "అది ఉత్త పుకారు కాదు. మార్ఫిన్ లాంటి మందులు తగ్గించి, వీపు దగ్గర సూదితోటి నొప్పి తెల్వకుండ చేస్తే క్యాన్సర్ మళ్ల రాదేమోనని డాక్టర్లే అనుకున్నరు. రెండు వేల మంది ఆడోళ్ల మీద పరీక్ష చేసిన్రు. సగం మందికి అట్ల, సగం మందికి మామూలుగ. ఏండ్లకేండ్లు చూసిన్రు. క్యాన్సర్ మళ్ల వచ్చుడు రెండు దిక్కుల ఒక్క తీరుగనే ఉన్నది."

"మరి నొప్పి ఓర్చుకుంటే ఫాయిదా లేదా?"

"నష్టమే. నొప్పికి భయపడి దగ్గుడు బంద్ చేస్తరు, తెమడ పేరుకుంటది. చెయ్యి కదపరు, బిగుసుకుంటది."

ఉమ్రావ్ మొగుడి వైపు తిరిగింది. "ఇన్నవా మియా? పొద్దటి సంది ఉత్తగనే సచ్చిన." నర్సుకు చెయ్యి చాపింది.

"మరి మళ్ల రాదని రాసిస్తరా?" అన్నాడు మక్బూల్.

"అట్ల ఎవరూ రాసియ్యలేరు కాకా."

ఎన్నడూ ఆగని ఉమ్రావ్ నోరు ఆ మాటకు మూతపడింది. మక్బూల్‌కు అప్పుడు నిజంగా దడ పుట్టింది. ఆమె పాదం పట్టుకుని ఏడ్చేశాడు.

"ఏందయ్యా, కోసింది నిన్నా నన్నా?" అంది ఉమ్రావ్. అతడి ప్రాణం కుదుటపడింది.

ఆ తర్వాత కీమో అయింది, ఊడిన జుట్టు మళ్లీ వచ్చింది. మూడేళ్లుగా పరీక్షల్లో ఏమీ కనబడలేదు. మొన్న ఆస్పత్రి వరండాలో ఒకామె, "ఏ మందుతోటి బాగైంది పెద్దమ్మా?" అనడిగింది.

"నాకెర్క లేదు. డాక్టర్లకు గూడ పూరా ఎర్క లేదు. నొప్పి లేస్తే మాత్రం సూది అడుగు. నీ మొకం జూస్తే నీకు నా లెక్క తిట్టుడు వచ్చేటట్టు లేదు" అంది ఉమ్రావ్.