కోరంగి రేవులో నేను విప్పించిన తాడు

ఓడను ముంచిన పైలట్లను మీరు చూసే ఉంటారు. ఓడను క్షేమంగా గట్టెక్కించి తాను మునిగినవాణ్ణి చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కోరంగి రేవులో మా మేనమామ పెద్ద పైలట్. బయటికెళ్ళే ఓడలను ఇసుక మేటలు తప్పించి సముద్రంలో వదలడం, ఓడ వెనక కట్టుకెళ్ళిన చిన్న పడవలో ఒడ్డుకు తిరిగి రావడం మా పని.

"ఒరేయ్, ఈ రంగూన్ ఓడని నువ్వొక్కడివే దాటించు. శుక్రవారం ముహూర్తానికి పిల్లనిస్తాను. మేటెక్కించావో, పిల్లా లేదు, పనీ లేదు" అన్నాడు మామయ్య.

ఆయన కూతురు సీతాలుని నేను పదేళ్ళుగా కలల్లో పెళ్ళాడుతూనే ఉన్నాను.

తెల్లవారుతూనే బయల్దేరాం. ఏటి మీద మంచు మీగడలా తేలుతోంది. లంగరేసిన ఓడలు, ధాన్యపు పడవలు అందులోంచి ఒక్కొక్కటే బయటపడి మళ్ళీ కరిగిపోతున్నాయి. నాకు మాత్రం ప్రతి తెరచాపా పెళ్ళిపందిరిలాగే కనిపిస్తోంది.

మేట దగ్గర లోతు చూసేవాడు సీసపు గుండు వదిలి, "రెండు బారలేనండీ! తగ్గుతోందండీ!" అని అరిచాడు.

వెనకనున్న నా పడవే ఓడను పక్కకు లాగుతోందనిపించింది.

"ఆ పడవ తాడు విప్పించండి!" అన్నాను.

ఓడ సరంగు అప్పన్నగారు నా ముఖంలోకి చూశారు. "విప్పమంటారా అండీ? మరి మీరు..."

"పైలట్ మీరా, నేనా?"

"మీరేనండి" అని విప్పించేశారు. పడవలోని ఇద్దరు తెడ్లవాళ్ళూ ఏదో అరుస్తూ మంచులో వెనకబడిపోయారు.

ఏరు దాటి తెప్ప తగలేసినవాణ్ణి లోకం తిడుతుంది. దాటకముందే తగలేసినవాణ్ణి ఏమనాలో పెద్దలింకా తేల్చలేదు.

ఓడ మేటను ఒరుసుకోకుండా దాటింది. మంచు విడింది. ఎదురుగా సముద్రం, ఎంత నీలమో! ఓడ మెల్లగా ఊగుతుంటే, కళ్ళు తెరుచుకునే సీతాలు తలంబ్రాలు పోస్తున్నట్టు కలగన్నాను. అంత సంతోషం మళ్ళీ ఎరగను.

"ఇక దిగొచ్చండి" అన్నారు అప్పన్నగారు.

"పడవ దగ్గరికి లాగించండి."

"ఏ పడవండీ?"

నేను వెనక్కి చూశాను. నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఓడ తిప్పండి సరంగుగారూ! శుక్రవారం నా పెళ్ళండీ!"

"పోటు తగ్గి నీళ్ళు తీసేస్తున్నాయండి. ఇప్పుడు తిప్పితే ఆ మేట మీదే మీ పెళ్ళి. చద్దన్నం తింటారా?"

రంగూన్‌లో దిగి, తిరుగు ఓడ దొరికి ఇల్లు చేరేసరికి రెండు నెలలు. మామయ్య మాట తప్పే మనిషి కాదు. ఓడ మేటెక్కలేదు కాబట్టి పిల్లనిచ్చాడు. పీటల మీద నేను పుస్తెలతాడు ఎత్తగానే సీతాలు తలొంచుకునే గొణిగింది.

"ముళ్ళు గట్టిగా వెయ్యి బావా. నీకు విప్పించడమే వచ్చంట."

మూడుకు బదులు నాలుగు వేశాను. పురోహితుడు చెప్పించిన మంత్రాలతో పాటు అగ్నిసాక్షిగా సొంత ప్రమాణం కూడా ఒకటి చేశాను: సాక్షాత్తూ వరుణదేవుడే వచ్చి బతిమాలినా సరే, నేను ఓడ దిగేదాకా నా పడవ తాడు జోలికి ఎవర్నీ పోనివ్వను.