పన్నెండు ఊపుల మేస్త్రి

మట్టిదారుల్లో, గుట్టల మీద దూకించే మోటారు బళ్ళకు ముందు ఫోర్కు విప్పి బాగుచేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ముగ్గురే ఉన్నారు. మిగతా ఇద్దరి దగ్గర పని చిటికెలో అయిపోతుంది. ఈయన దగ్గరికి వెళ్ళినవాడు మాత్రం ఒక టీ తాగి, రెండో టీ కూడా తాగి, ఆలస్యమవుతుందని ఇంటికి ఫోన్ చేసుకోవాల్సిందే. చక్రం ఎక్కించాక ఈ మహానుభావుడు బండిని స్టాండు మీంచి దించి, ముందు బ్రేకు పట్టుకుని, హ్యాండిలు మీద ఒళ్ళంతా వేసి నొక్కి వదులుతాడు. అలా సరిగ్గా పన్నెండుసార్లు. అప్పుడు గాని ఇరుసు దగ్గరి బోల్టులు బిగించడు. బిగించాక మళ్ళీ పన్నెండు. నాలుగైదుసార్లు చాలదా అని కుర్రకారు మొత్తుకుంటారు. పన్నెండు ఊపుల మేస్త్రి అని పేరు కూడా పెట్టారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు, పేరు అంటుకుపోయింది.

ఆయనకు యాభై దాటాయి. కళ్ళజోడు జారకుండా వెనక దారం కట్టుకుంటాడు. చిన్నప్పుడు నీళ్ళ పంపులు బాగుచేసే చోట చేరి, నూనె కారకుండా సీలు కూర్చోబెట్టడం అక్కడే నేర్చుకున్నాడు. షెడ్డు కింద, కాపురం పైన. షెడ్డులో రేడియో లేదు. ఒకప్పుడు ఉండేది. మాట వినపడదని తీసేశాడు. ఎవరి మాట అని అడిగినవాళ్ళకు ఇంకో టీ తెప్పించేవాడు.

అసలు ఊపడమెందుకో ముందు చెప్పాలి. ఫోర్కు అంటే చక్రానికి చెరో పక్క ఒక గొట్టం. రెండూ సమానంగా, తిన్నగా, కిందికీ పైకీ జారాలి. రెంటినీ అడుగున కలిపేది ఇరుసు. ఇరుసును ఎడమవైపు బిగించాక, కుడి గొట్టాన్ని తన చోటు తానే వెతుక్కోనివ్వాలి. అందుకే ఊపుతారు. ఊపకుండా కుడి బోల్టులు బిగించేస్తే గొట్టం బియ్యపుగింజంత పక్కకు లాగి పట్టేస్తుంది. చిన్నచిన్న గతుకుల మీద ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎత్తు మీంచి దూకి నేలకు తగిలినప్పుడు మాత్రం, దిగాల్సిన ఫోర్కు దిగదు.

తొమ్మిదేళ్ళ కిందట ఆయన బావ పోయింది అలాగే. బావంటే అక్క మొగుడు. వారమంతా వ్యాను తోలి సరుకులు వేసేవాడు, ఆదివారం వస్తే గుట్టల పందెం. తొంభై కిలోల మనిషి. ఆ బరువుకు కంపెనీ స్ప్రింగులు కూలబడిపోతుంటే, గట్టి స్ప్రింగులు వెయ్యమని ఒక శుక్రవారం బండి తెచ్చాడు. తెచ్చినవాడు ఊరికే కూర్చోడే. "ఒరేయ్ బామ్మర్దీ, బండి బాగుచేస్తున్నావా, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా? ఇంకెంతసేపు?" అని ప్రాణం తీశాడు. మేస్త్రి స్ప్రింగులు వేశాడు, నూనె పోశాడు, చక్రం ఎక్కించాడు, బోల్టులు బిగించాడు. బిగించిన ప్రతి బోల్టు మీదా తన అలవాటు ప్రకారం పసుపురంగు గీత గీశాడు. గీత బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి తిన్నగా సాగుతుంది. బోల్టు ఏమాత్రం కదిలినా గీత రెండు ముక్కలుగా విడిపోయి కనిపిస్తుంది.

ఆదివారం మూడో దూకుడికి బావ హ్యాండిలు మీంచి ముందుకు ఎగిరి మెడ మీద పడ్డాడు. ముందురోజు వాన పడి మట్టి మెత్తబడిందన్నారు. మరీ వేగంగా వచ్చాడన్నారు. మేస్త్రిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అక్క కూడా అనలేదు. అదే ఆయన్ని చంపింది.

ఎందుకంటే ఆ శుక్రవారం చక్రం ఎక్కించడం ఆయనకు గుర్తుంది. గీత గియ్యడం గుర్తుంది. మధ్యలో ఊపాడా లేదా అన్నది మాత్రం ఎంత తవ్వినా గుర్తురాదు. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఆయన భూతం షెడ్డులోనే కాపురం పెట్టింది. పట్టపగలు, ఎదురుగా మనుషులుండగానే, వెనక బల్ల దగ్గర్నించి "ఇంకెంతసేపు?" అని వినపడేది. బండి ఊపుతుంటే తనతోపాటు ఇంకెవరో హ్యాండిలు నొక్కుతున్నట్టుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, లోకంలో ఉన్న బళ్ళన్నీ పన్నెండేసిసార్లు ఊపాడు. ఇచ్చేసిన బళ్ళ బోల్టులు చూడ్డానికి మర్నాడు పొద్దున్నే వాళ్ళ గుమ్మాల ముందు వాలేవాడు. ఎవరైనా ఫలానావాడు పడ్డాడట అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

బావ బండి ఆ రోజునుంచీ అక్క పెరట్లో నీలం పట్టా కింద పడి ఉంది. మెత్తటి మట్టిలో పడడంతో ఫోర్కు వంగలేదు, తర్వాత దాన్నెవరూ ముట్టుకోలేదు. అక్కడికి వెళ్ళి కుడివైపు రెండు బోల్టులు వదులుచేస్తే ఒక్క నిమిషంలో నిజం తేలిపోతుంది. ఊపి బిగించి ఉంటే గొట్టం కదలదు. లేకపోతే పక్కకు జరుగుతుంది. తొమ్మిదేళ్ళలో ఆ ఒక్క నిమిషానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. అక్క ఇంటికి వెళ్తే వీధి గదిలోనే కూర్చుని వచ్చేసేవాడు.

ఆ బండినే ఒక పొద్దున మేనకోడలు చిన్న వ్యానులో వేసుకుని షెడ్డుకు తెచ్చింది.

"మామయ్యా, నాన్న బండి తెచ్చాను. ఓ చెయ్యి వెయ్యి, దింపుదాం."

ఆయన చెయ్యి వెయ్యలేదు. "ఇదెందుకే చిట్టీ? పాతపడిపోయింది. నీకు మంచిది వేరే చూద్దాంలే."

"నాకు ఇదే కావాలి. చూడు, అన్నీ కొనుక్కొచ్చాను." పందొమ్మిదేళ్ళ పిల్ల అట్టపెట్టె తెరిచి చూపించింది. మెత్తటి స్ప్రింగులు, గొట్టాల లోపల పెట్టే కొత్త సరంజామా, సీళ్ళు, నూనె. "నాన్న తొంభై కిలోలు, నేను యాభై నాలుగు. ఆ స్ప్రింగుల మీద నేనెక్కి కూర్చుంటే ఎవరైనా ఎక్కారన్న సంగతి కూడా బండికి తెలియదు."

"మీ అమ్మ ఒప్పుకుందా?"

"మామయ్య చేతుల్లో పెట్టు, ఇంకెవరి దగ్గరికీ వెళ్ళొద్దంది. అన్నట్టు నాకు నేర్పుతూ చెయ్యాలి. ప్రతి బోల్టూ నేర్పాలి."

ఇంక తప్పించుకునే దారి లేదు. బండిని స్టాండు మీదికి ఎత్తారు. ఫోర్కు బయటికి రావాలంటే ముందు చక్రం రావాలి, చక్రం రావాలంటే ఆ బోల్టులే ముందు వదులవ్వాలి. మేనకోడలు పెట్టెలో సామాన్లు బల్ల మీద పరుస్తోంది. ఆయన కుడివైపు మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి గోకి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

పసుపు గీత విరిగి ఉంది.

బోల్టు మీది ముక్క ఒక దిక్కుకు, ఇనుము మీది ముక్క ఇంకో దిక్కుకు ఉన్నాయి. రెండో బోల్టు మీదా అంతే. తను గీసిన తర్వాత ఎవరో విప్పారు, విప్పి మళ్ళీ బిగించారు. పానా పెట్టి వదులుచేశాడు. గొట్టం టక్కుమని పక్కకు జరిగింది, బియ్యపుగింజంత. బావ ప్రాణం తీసింది అదే. కానీ అది తన చెయ్యి కాదు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆయనకు ఊపిరి పొట్టదాకా వెళ్ళింది. నవ్వు కూడా వచ్చింది. బావ చావు ముందు కూర్చుని నవ్వడమేమిటని సిగ్గేసినా ఆగలేదు. ఆ నవ్వు ముఖంతోనే మేనకోడలి వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు.

ఆ పిల్ల అప్పటికే వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "ఆ బోల్టులు బిగించింది ఎవరనుకున్నావ్? నేనే!" అంది గర్వంగా.

"నువ్వా?"

"పందేనికి ముందురోజు, శనివారం, పంక్చరైంది, నీకు తెలియదులే. నాన్న ట్యూబు మార్చి చక్రం ఎక్కించి, ఇవి నన్ను బిగించమన్నాడు. పదేళ్ళదాన్ని, పానా పట్టుకుని వేలాడాను. 'అబ్బో, మీ మామయ్యకి పోటీ వచ్చావే' అన్నాడు. నాన్నా నేనూ కలిసి చేసిన ఆఖరి పని అదే మామయ్యా. అందుకే ఇంకో బండి వద్దన్నది." అంతలోనే గొట్టం వైపు వంగి చూసింది. "అవునూ, ఇందాక ఇది టక్కుమని జరిగిందేం?"

ఆయన పానా కింద పెట్టాడు. "మంచినీళ్ళు తెచ్చిపెట్టమ్మా, పైనున్నాయి," అన్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వింటూ ఆయన అలాగే కూర్చున్నాడు. ఊపాలని నేర్పకుండా పంపిస్తే ఈ పిల్ల కూడా తండ్రిలాగే పడుతుంది. నేర్పిన మరుక్షణం ఆ శనివారం గుర్తుచేసుకుంటుంది. తప్పు దానిది కాదు, ఊపమని చెప్పని తండ్రిది. ఆ ముక్క చెప్పి దాన్ని ఒప్పించగలడా? చేశాడో లేదో తెలియని తప్పుకే తన బతుకు ఇలా అఘోరించింది. చేతులారా బిగించానని తెలిసిన పిల్ల సంగతేమిటి? "పిల్లచేత బిగించినవాడివి, ఒక్కసారి ఊపి చావలేకపోయావా బావా!" అని మేడ మీదికి వినపడకుండా బావను తిట్టాడు. వెనక బల్ల దగ్గర్నించి ఏ జవాబూ రాలేదు. గుడ్డ పెట్రోల్లో ముంచి, విరిగిన గీతలు రెండూ అద్దంలా తుడిచేశాడు. తొమ్మిదేళ్ళు వెతుక్కున్న సాక్ష్యం చేతికొచ్చి పావుగంట కూడా కాలేదు.

మేనకోడలు గ్లాసు అందించింది. తాగి, మామూలు గొంతుతోనే మొదలుపెట్టాడు.

"గొట్టం జరిగింది చూశావుగా. ఇరుసు బిగించాక, ఈ రెండూ బిగించేముందు బండిని బాగా ఊపాలి. లేకపోతే ఫోర్కు పట్టేస్తుంది. దూకినప్పుడు దిగదు. అన్నిటికంటే ముందు ఇది నేర్చుకో."

పిల్ల తెలివైంది. ఆయన భయపడ్డంత తెలివీ ఉంది. ముఖంలో రంగు పోయింది. "మేం ఊపలేదు," అంది. "మామయ్యా, ఆ రోజు మేం ఊపలేదు. నేను..."

"నువ్వు కాదు. ఆదివారం పొద్దున, నువ్వింకా లేవకముందు, మీ నాన్న వెళ్తూ వెళ్తూ ఇక్కడ ఆగాడు. పిల్ల బిగించింది, ఒకసారి చూడరా అన్నాడు. విప్పి నేనే మళ్ళీ బిగించాను. తొందరలో ఊపడం మర్చిపోయాను. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు."

చివరి రెండు మాటలూ ఆయన మనసులో వేలసార్లు చెప్పుకున్నవే, కాబట్టి ఎక్కడా తడబడలేదు.

"పన్నెండుసార్లు ఊపేది అందుకేనా?" అంది ఆ పిల్ల.

"అందుకే." అందులో అబద్ధం లేదు.

"నాన్న పోయిన రోజు నేను ఏడుస్తుంటే ఒళ్ళో పడుకోబెట్టుకున్నది నువ్వే." అరిచి తిట్టినా బాగుండేది. బల్ల మీద సామాన్లు అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ వారం ఆయన ఫోర్కు మొత్తం విప్పి, బావకు వేసిన గట్టి స్ప్రింగులు తీసి మెత్తటివి వేశాడు. కొత్త సరంజామా కూర్చి, నూనె కొలిచి పోశాడు. ఆ వారం రోజులూ ఎవరూ తొందరపెట్టలేదు. చెవులు రిక్కించి విన్నా ఏమీ వినపడలేదు. భూతం వదిలింది గాని, దాంతోపాటు బావ కూడా వెళ్ళిపోయాడు. షెడ్డు ఇంత పెద్దదని ఆయనకు అంతవరకూ తెలియదు.

శనివారం మేనకోడలు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"బండి అయిందా మేస్త్రిగారూ?"

ఆ పిలుపు విని ఆయన కాసేపు పానా కోసం వెతికాడు, చేతిలోనే ఉన్నా. "చక్రం ఒక్కటే మిగిలింది. అది నువ్వే ఎక్కించు," అన్నాడు. ఆయన వైపు చూడకుండానే ఎక్కించింది. కుడి బోల్టులు బిగించేముందు, ఎవరూ చెప్పకుండానే బండి దించి బాగా ఊపింది. ఆ కాసేపూ ఆయన ప్రాణం చల్లగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అక్క వచ్చింది. స్టూలు మీద కూర్చుని, పమిటతో మొహం తుడుచుకుంది.

"అది నాకంతా చెప్పిందిరా," అంది. "ఆదివారం మీ బావ నీ దగ్గర ఆగలేదు. దాన్ని పక్కింట్లో పడుకోబెట్టి, బండి వ్యానులో వేసుకుని మేమిద్దరం తిన్నగా గుట్టలకే వెళ్ళాం."

ఆయన చేతిలో గుడ్డ నలిపాడు.

"బోల్టులు ఆఖరున బిగించింది అదేనా?" అంది అక్క.

"దానికప్పుడు పదేళ్ళక్కా."

అక్క చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, "ఇదే మాట మీద ఉండగలవా? పదిరోజులు కాదు, నువ్వు పోయేదాకా?" అని అడిగింది.

"ఉంటాను."

"అది నిన్ను క్షమించదు. తండ్రి పోలికే, మొండిది."

"తెలుసక్కా."

"మొగుణ్ణి పొట్టనపెట్టుకున్నవాడితో నేను మాట్లాడుతుంటే అది ఊరుకుంటుందా? ఇదేంటని ఆలోచించదూ? ఆలోచించిందంటే పట్టేస్తుంది." ఆమె పమిట చెంగు వేలికి చుట్టుకుంది. "నేను కూడా నీ గుమ్మం తొక్కకూడదురా తమ్ముడూ."

ఆ మాట ఆయన అనుకోలేదు. తన ఒక్కడి మీదే వేసుకుంటున్నాననుకున్నాడు. "సరే అక్కా," అన్నాడు.

చెప్పాల్సింది అయిపోయింది. అయినా అక్క లేవలేదు.

"ఇంకాసేపు కూర్చుంటాను," అంది. "మళ్ళీ రావడం కుదరదుగా."

ఆయన చేతులు తుడుచుకుని, రెండో స్టూలు ఆమె పక్కకు లాక్కుని కూర్చున్నాడు.