ఇప్పచెట్ల రాజ్యాంగం

బ్రిటన్‌వాళ్లకు మనలా ఒకే పుస్తకంగా రాసుకున్న రాజ్యాంగం లేదట కదా, మరి ఏది ఒప్పో ఏది తప్పో ఎలా తేల్చుకుంటారు తాతయ్యా అని పోటీ పరీక్షకు చదువుకుంటున్న మా మనవరాలు పొద్దున అడిగింది. విడివిడి చట్టాలు, కోర్టు తీర్పులు, తరతరాల ఆనవాయితీలు అన్నీ కలిసే వాళ్ల రాజ్యాంగమని, మామూలు మెజారిటీతోనే మార్చుకోగలరని, మనకైతే సవరణకు ప్రత్యేక మెజారిటీ కావాలని పాఠం అప్పజెప్పాను గానీ, మనసు అప్పటికే పర్ణశాల అవతలి అడవిలో ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అక్కడి కాలేజీలో సివిక్స్ చెబుతూ ఒక కోయగూడెంలో కిరాయికి ఉండేవాణ్ని. ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో కాగితం మీద ఎక్కడా ఉండేది కాదు, అయినా ఎండబెట్టి అమ్ముకునే ఆ పువ్వు తెల్లారేసరికి ఎంత రాలినా పరాయి చెట్టు కింద ఎవరూ వంగేవారు కాదు. పక్కింటి అక్క భర్త పోయాక, మగబిడ్డ లేడు గనుక ఆనవాయితీ ప్రకారం ఆ ఇంటి చెట్లు తనవేనన్నాడు ఆమె మరిది. అవి పోతే ఆమెకూ, బడికి వెళ్లే కూతురికీ ఎండాకాలం గడవదు.

ఊరిపెద్ద వాకిట్లో పంచాయితీ కూర్చుంది, నాకూ ఒక మంచం వేశారు. అంతా కోయభాషలోనే సాగుతుంటే, నేను కూడా వినాలనేమో, అక్క మాత్రం తెలుగులో అంది.

"ఆయన ఉన్నప్పుడు గూడ ఏరింది నేనే. గిప్పుడు నాయి ఎందుకు గావు?"

పెద్దాయన కూడా తెలుగులోనే, "ఇన్నేండ్లు మొగోళ్లకే పోయినయి, అవ్. ఇగ నుంచి ఏరే మనిషికే ఉండాలె" అని, ఒక్కొక్కరినీ పేరుపేరునా సరేనా అని అడిగాడు. చివరికి మరిది వంతు వచ్చింది. అతను తల వంచుకుని, "గట్లనే కానియ్యిండ్రి" అన్నాడు.

అన్నేళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ని, రాజ్యాంగ సవరణ అనేది కళ్లారా చూడటం అదే మొదటిసారి. సంతకం లేదు, ముద్ర లేదు. మర్నాడు మరిది భార్య ఖాళీ బుట్టతో ఆ చెట్ల పక్కనుంచే వెళ్తూ, కింద పరుచుకున్న పువ్వువైపు కన్నెత్తి కూడా చూడలేదు. మన ఈడువాళ్లు చాలా పంచాయితీలు చూసే ఉంటారు, ఇంతగా మాటకు కట్టుబడటం మాత్రం నేను మళ్లీ చూడలేదు.

మొన్న ఆ కూతురు ఫోన్ చేసింది. అక్కా లేదట, పెద్దాయనా లేడట. ఆ చెట్లు నీవని ఎక్కడ రాసుందని మరిది కొడుకులు నిలదీస్తున్నారట, ఆనాడు కూర్చున్నవాళ్లలో మిగిలిన నలుగురూ తమకేం గుర్తులేదంటున్నారట.

"మీకు యాదుంది గద సార్?" అంది.

ఉందమ్మా, వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక భయమేసింది. ఒకప్పుడు ఊరంతా మోసిన మాట, పొద్దుటి మాత్ర వేసుకున్నానో లేదో మనవరాలిని అడిగే నా ఒక్కడి మీద పడింది.