నీరసం అంటే ఎలా ఉందండీ?

మా మేడం పోయారని నిన్న పొద్దున్న బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. బందరులో మాకు నర్సింగ్ చెప్పిన మేడం. ఫొటో కింద అందరూ దణ్ణాల బొమ్మలే పెట్టారు. ఆవిడ చూసుంటే, "అందరిదీ ఒకటే జవాబా? ఎవరి దగ్గర కాపీ కొట్టారు?" అనుండేవారు.

ఆవిడ పరీక్ష పెడితే ఒళ్ళు మండేది. నాలుగు ఆప్షన్లూ సరైనవే ఉండేవి. "అన్నీ రైటే కదా మేడం" అంటే, "రైటేనమ్మాయ్. ముందేది చేస్తావు? నాలుగూ ఒకేసారి చెయ్యడానికి నీకెన్ని చేతులున్నాయి?" అనేవారు. ఒప్పో తప్పో మొహం చూసి కనిపెడదామంటే ఆ మొహంలో ఏమీ దొరికేది కాదు.

చదువయ్యాక గల్ఫ్ ఉద్యోగానికి లైసెన్సు పరీక్ష రాశాను. గుడివాడలో కోచింగ్‌కి వెళ్ళి బిట్లన్నీ బట్టీ పట్టాను. ఫెయిలయ్యాను. ఇంకోసారి తప్పితే అక్కడ ఉద్యోగం ఇస్తామన్న ఆసుపత్రి వాళ్ళు నాకోసం ఆగరు. చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేసీ చేసీ మా నాన్నకి అప్పటికే చూపు మందగించింది. ఇంటికి నా జీతమే దిక్కు. ఏడుస్తూ మేడం దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ ఓదార్చలేదు. "ఆ పుస్తకం మూసి నాతో రా" అని వార్డుకి తీసుకెళ్ళారు. తోట్లవల్లూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన మంచం మీద ఉన్నాడు. "నీరసంగా ఉందమ్మా, సెలైన్ ఎక్కించండి" అన్నాడు. మా వైపు ఏ జబ్బుకైనా మొదటి మాట నీరసమే, మందు సెలైనే. నేను బీపీ మిషను అందుకోబోయాను.

"ఆగు. నీరసం జబ్బు కాదు, మాట. ముందు దాన్ని విప్పు" అన్నారు మేడం.

"బాబాయ్ గారూ, నీరసం అంటే ఎలా ఉందండీ?" అని అడిగాను.

"చేతులు వణుకుతున్నాయమ్మా, ఒకటే చెమట్లు. ఏకాదశి కదా, ఏం తినలేదు."

"షుగరు బిళ్ళ వేసుకున్నారా?"

"అది మానకూడదన్నారుగా, వేసుకున్నాను."

బీపీ మిషను వదిలేసి షుగరు చూశాను. బాగా పడిపోయింది. గ్లూకోజు తాగించాక పెద్దాయన తేరుకున్నాడు. మేడం మెచ్చుకుంటారనుకున్నాను. "ముందు షుగరే ఎందుకు చూశావు?" అన్నారు. మనిషి లేచి కూర్చున్నాడు, ఇంకా ఎందుకేంటి అని లోపల విసుక్కుంటూనే కారణం చెప్పాను. బట్టీ పట్టని జవాబు నా నోట్లోంచి రావడం అదే మొదలు.

పరీక్ష దాకా రోజూ వార్డుకి రమ్మన్నారు. వెళ్ళాను. రెండోసారి పాసయ్యాను. ఆవిడ లేకపోతే ఇవాళ నాకీ ఉద్యోగం లేదు.

ఫోన్ చేసి చెబితే, "మంచిది. ఇకమీద అడగడానికి నేనుండను, నిన్ను నువ్వే అడుక్కోవాలి" అన్నారు. అప్పుడు నవ్వేశాను. నిన్నట్నుంచి ఆ మాటే గుర్తొస్తోంది, నవ్వు రావట్లేదు.

ఆ రోజు ఆవిడ ఫోను కట్ చెయ్యడం మర్చిపోయి బల్ల మీద పెట్టేశారు. క్లాసు మధ్యలో ఉన్నట్టున్నారు. ఎవరో అమ్మాయి జవాబు చెప్పింది. "ఎందుకు?" అన్నారు మేడం. ఆ అమ్మాయి ఏం చెబుతుందోనని నేనూ ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను.